అప్‌డేట్: మూడు నెలలు దాటాక కాలేజీ కమిటీకి ఫిర్యాదు (చెల్లి విషయం)

ఇలాంటప్పుడు ఏం చేయాలని అప్పట్లో ఇక్కడ అడిగింది నేనే. కాలేజీ టూర్‌లో, వేరే రాష్ట్రంలో, సీనియర్ ఒకడు చెల్లిపై లైంగిక దాడి చేశాడు. అది మాకు చెప్పేసరికి మూడు నెలలు దాటింది. గడువైపోయిందని కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే కమిటీవాళ్లు, మా పరిధి కాదని స్టేషన్‌వాళ్లు తిప్పి పంపారు. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది జీరో ఎఫ్ఐఆర్ మాటే. బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇచ్చిన లాయర్‌గారు ఆ సెక్షన్ దరఖాస్తులోనే రాసేసరికి ఎస్సై ఇక మారుమాట్లాడలేదు. వాంగ్మూలం మహిళా ఎస్సై మా ఇంటికే వచ్చి రాసుకున్నారు, అమ్మ పక్కనే కూర్చుంది.

ఇక కాలేజీ. లైంగిక వేధింపులపై యూజీసీ (ఉన్నత విద్యను చూసే కేంద్ర సంస్థ) 2015 నిబంధనల్లో ఫిర్యాదుకు మూడు నెలల గడువుంది, నిజమే. కానీ ముందే ఫిర్యాదు చేయలేకపోవడానికి తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా పొడిగించొచ్చు. కౌన్సెలర్ రాసిచ్చిన అరపేజీ కాగితం జతచేస్తే తీసుకున్నారు. విచారణ సాగుతుండగా అతణ్ని వేరే సెక్షన్‌కు మార్చమని, చెల్లికి సెలవు ఇమ్మని కూడా అడగొచ్చు. మాకైతే అడిగాకే ఇచ్చారు, వాళ్లంతట వాళ్లు చెప్పలేదు.

ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవ చుట్టూ తిరగడం దండగ, ఆడవాళ్లకు ఉచిత లాయర్‌కి ఆదాయంతో పనిలేదు. వైద్య పరీక్ష ఆలస్యమైతే కేసే ఉండదన్న మాటనీ లాయర్‌గారు కొట్టిపారేశారు. పేరు బయటికొస్తుందని భయపడేవాళ్లకు: బాధితురాలి పేరు ప్రచురించడం బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 72 కింద నేరం.

కమిటీ అతణ్ని కాలేజీ నుంచి పంపేయమని సిఫారసు చేసింది. దానిపై అప్పీలుకు 30 రోజులుంటుంది, అతను వేస్తే ఇక్కడే రాస్తాను. పోలీసు కేసు కోర్టులో ఉంది.