న్యూయార్క్‌లో మా ఇంటికి సరిపడే సినగాగ్ ఎలా వెతుక్కోవాలి?

అప్పర్‌వెస్ట్_అమ్మ:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మావారు యూదులు, ఇక్కడే పుట్టి పెరిగారు. పెళ్లయి తొమ్మిదేళ్లు. పాపకి ఏడేళ్లు, బాబుకి మూడు. నేను మతం మారలేదు, మారే ఆలోచన కూడా లేదు. ఇంట్లో దీపావళి ప్రమిదలూ వెలుగుతాయి, హనుక్కా కొవ్వొత్తులూ వెలుగుతాయి. ఇన్నాళ్లూ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) అంటే ఏడాదికి రెండుసార్లు, వాళ్ల పెద్ద పండగలు రోష్ హషానాకీ యోమ్ కిప్పూర్‌కీ న్యూజెర్సీలో అత్తగారి వెంట వెళ్లడమే.

నాలుగు నెలల క్రితం మామగారు పోయారు. అప్పటినుంచీ మావారికి ఆయన కోసం కడ్డిష్, అంటే పోయినవాళ్ల కోసం చదివే ప్రార్థన, చదవాలని ఉంది, కానీ ఎక్కడికి వెళ్లాలో తెలియక రోజులు దాటిపోతున్నాయి. మొన్న పాప "నేను జూయిషేనా అమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

పోయిన శనివారం ఒకచోటికి వెళ్లాం, పేరు వద్దు. రెండున్నర గంటలు కూర్చున్నాం. ఏ పేజీలో ఉన్నారో తెలియలేదు, పక్కన కూర్చున్నవాళ్లు పలకరించలేదు. బాబు ఏడుపు అందుకుంటే ముందు వరుసలోంచి ఒకాయన వెనక్కి తిరిగి చూశారు. ఆ చూపుకి లేచి వచ్చేశాం. మావారు ఇంటిదాకా ఒక్కమాట మాట్లాడలేదు.

మాన్‌హట్టన్‌లోనే ఇన్ని ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి? మాలాంటి కుటుంబాలవాళ్లు ఎవరైనా ఉంటే మీ అనుభవం చెప్పండి.

క్వీన్స్_బాబాయ్:
మీ మామగారి సంగతి విని బాధగా ఉందమ్మా. మా ఆవిడ యూదు, నేను కాదు. ఇరవై రెండేళ్లుగా ఆవిడతోపాటు వెళ్లి కూర్చుంటున్నాను, కాబట్టి మీకు తెలియాల్సిన మొదటి సంగతి నేను చెబుతాను.

మా పిల్లల విషయంలో ఎవరూ ఏమీ అడగలేదు, ఎందుకంటే తల్లి యూదు. యూదుల్లో కొన్ని శాఖలున్నాయి. ఆర్థడాక్స్‌వాళ్లూ కన్సర్వేటివ్‌వాళ్లూ తల్లినిబట్టే లెక్క చూస్తారు. మీ ఇంట్లో తండ్రి యూదు, తల్లి కాదు. ఆ రెండు చోట్లా మీ పాపకి ముందు రబ్బీల (యూదు మతగురువుల) పంచాయితీ ఎదుట, మిక్వా అనే నీటి తొట్టిలో మునకతో మతస్వీకారం జరగాలంటారు. రిఫార్మ్‌వాళ్లు మాత్రం 1983లోనే తీర్మానం చేసుకున్నారు: తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరు యూదు అయినా, బిడ్డని యూదుగా పెంచుతూ ఉంటే బిడ్డ యూదే. రీకన్‌స్ట్రక్షనిస్టులు అంతకన్నా ముందునుంచే అలా అంటున్నారు.

మీ పాప అడిగిన ప్రశ్నకి ఒక గుమ్మంలో "అవును" అనీ, రెండు వీధుల అవతల ఇంకో గుమ్మంలో "ఇంకా కాదు" అనీ వస్తుంది. పిల్ల అక్కడ స్నేహాలు కట్టుకున్నాక ఆ రెండో మాట చెవిన పడితే తట్టుకోవడం కష్టం. అందుకని గదులూ పాటలూ చూడకముందే, రబ్బీకి ఒక ఈమెయిల్ రాసి ఈ ఒక్క విషయం సూటిగా అడగండి. వాళ్లేమీ నొచ్చుకోరు. రోజూ వినే ప్రశ్నే.

హడ్సన్_మాధవ్:
నేను వేరేగా చెబుతాను. ముందు మనసుకి పట్టే చోటు వెతుక్కోండి, నియమాల సంగతి తర్వాత. నా స్నేహితుడు శుక్రవారం సాయంత్రం బ్నై జెషురున్‌కి తీసుకెళ్లాడు. 1825లో పెట్టిన సంఘం, వెస్ట్ 88వ వీధిలో. షబ్బాత్‌ని, అంటే శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వాళ్ల విశ్రాంతి దినాన్ని, పెళ్లికూతురిలా ఆహ్వానించే పాట ఒకటి ఉంటుంది, లెఖా దోదీ. ఆ పాటకి జనం లేచి నడవల్లో చేతులు పట్టుకుని ఆడారు. నాకు మా ఊరి భజన గుర్తొచ్చింది. 1991లో వాళ్ల పైకప్పు కూలితే దగ్గర్లోని చర్చి తలుపులు తీసి చోటిచ్చిందట. ఆ మాట విన్నాక ఆ సంఘం మీద ఇంకా గౌరవం పెరిగింది.

బ్రూక్లిన్_సీత:
మాధవ్ గారూ, అతిథిగా వెళ్లిన సాయంత్రం ఒకటి, పిల్లలతో ప్రతివారం వెళ్లడం ఒకటి. పాట నాకూ ప్రాణమే. కానీ ఏడాదికి యాభై శనివారాలు ఉంటాయి కదా.

నేను మతం స్వీకరించినదాన్ని. మాది తెనాలి. ఆ నిర్ణయానికి ముందు ఏడాదిపాటు ఆరు సినగాగ్‌లు తిరిగాను. ఒక్కోదానికి కనీసం మూడుసార్లు: ఒక శుక్రవారం సాయంత్రం, ఒక శనివారం పొద్దున్న, ఒకసారి వారం మధ్యలో తోరా (వాళ్ల ధర్మగ్రంథం) పాఠానికి. పండగలకి మాత్రం వెళ్లొద్దు. యోమ్ కిప్పూర్‌నాడు ఏ సినగాగ్ అయినా కిక్కిరిసి ఉంటుంది, అసలు మనుషులెవరో తెలియదు. ఏ విశేషమూ లేని ఫిబ్రవరి శనివారం వెళ్లండి.

ప్రార్థన అయిపోగానే వచ్చేయకండి. అసలు సంగతి కిడ్డుష్‌లో తెలుస్తుంది. ద్రాక్షరసం మీద మంత్రం చెప్పి తలా కాస్త తాగి, రొట్టె, సలాడ్లు, చేపలు పెట్టుకుని నిలబడి మాట్లాడుకుంటారు. చేతిలో ప్లేటు పట్టుకుని ఒక మూల నిలబడండి. పది నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి పేరడిగితే సగం పని అయినట్టే. నేను వెళ్లిన మూడోచోట ఒక పెద్దావిడ వచ్చి నా పేరడిగి, నా పుస్తకం తీసుకుని, హీబ్రూ మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పుస్తకం ఇంకో అరలో ఉంటుందని చూపించారు. ఆవిడ పక్కనే ఇప్పటికీ కూర్చుంటున్నాను.

ఇంకొకటి. నేను మొదటిసారి సాయం చేద్దామని ఇంటినుంచి పులిహోర వండుకుని వెళ్లాను. అందులో మాంసం లేదు, గుడ్డు లేదు, ఇంకేం అభ్యంతరం అనుకున్నాను. కానీ కోషర్ వంటగదిలోకి, అంటే వాళ్ల ఆహార నియమాలు పాటించే వంటగదిలోకి, బయటి ఇంట్లో వండినది రానివ్వరు. గిన్నె ఏ స్టవ్ మీద ఎక్కిందన్నదీ లెక్కే. మా అమ్మమ్మ మడి గుర్తున్నదాన్ని కాబట్టి వెంటనే అర్థమైంది. మరుసటి నెల వాళ్ల వంటగదిలోనే, వాళ్ల గిన్నెల్లో, నేను తెచ్చిన కొత్త చింతపండు పొట్లం ముద్ర చూపించి మరీ కలిపాను. మీరు వెళ్లేచోట ఇంటివంట తేవచ్చో లేదో ముందే అడగండి.

పిల్లలకి టాట్ షబ్బాత్ అని ఉంటుంది, అరగంట, పాటలూ ఆటలూ. మీ బాబుకి అదే సరి. పిల్లల ఏడుపుకి వెనక్కి తిరిగి చూసే గదిలో మీరు ఉండక్కర్లేదు.

కొత్తగా_వచ్చా:
డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు. గుడికి వెళ్తే హుండీలో వేస్తాం, ఇక్కడ ఏడాది చందా కట్టాలంటారు నిజమేనా?

క్వీన్స్_బాబాయ్:
నిజమే. సభ్యత్వానికి ఏడాది చందా, పిల్లల హీబ్రూ స్కూలుకి వేరే ఫీజు, రోష్ హషానా, యోమ్ కిప్పూర్‌లకి చాలాచోట్ల సీటు టికెట్టు. షబ్బాత్‌నాడు డబ్బు ముట్టుకోరు కాబట్టి హుండీ తిప్పే పద్ధతి లేదు, ఏడాదంతా నడవాలంటే ఇదే దారి. కొన్నిచోట్ల ఎవరికి వీలైనంత వాళ్లు రాసుకోమంటారు. కట్టలేకపోతే ఆఫీసులో చెబితే తగ్గిస్తారు, ఆ మాట బయటికి రాదు. మామూలు శనివారం వెళ్లి కూర్చోవడానికి మాత్రం చందా అక్కర్లేదు. పాపకి బాత్ మిత్స్వా (ఆడపిల్లకి పన్నెండు, పదమూడేళ్లప్పుడు జరిపే వేడుక) చేయాలనుంటే మాత్రం చాలాచోట్ల కొన్నేళ్ల ముందునుంచే సభ్యులై ఉండాలంటారు, కాబట్టి ఏడేళ్ల వయసులో వెతకడం సరైన సమయమే.

గేటు దగ్గర గార్డులు సంచి చూస్తారు, ఎవరు మీరు అని అడుగుతారు. 2018లో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని కాల్చి చంపాక ఇది అంతటా గట్టిపడింది. మన రంగు చూసి అడుగుతున్నారేమోనని నాకు మొదట్లో గుచ్చుకునేది. కొత్తవాళ్లందర్నీ అడుగుతారని నిలబడి చూశాక అర్థమైంది. ముందురోజు ఫోన్ చేసి పేర్లు ఇస్తే గుమ్మం దగ్గర సులువు.

అప్పర్‌వెస్ట్_అమ్మ:
మీరందరూ ఇంత ఓపిగ్గా రాస్తున్నందుకు కళ్లు చెమర్చాయి. కడ్డిష్ సంగతి మళ్లీ అడుగుతాను. మావారు "నాలాంటివాణ్ని, పెళ్లి బయట చేసుకున్నవాణ్ని, రోజూ ఎవరు రానిస్తారు?" అంటున్నారు.

క్వీన్స్_బాబాయ్:
ఆయన్ని తప్పకుండా వెళ్లమనండి. మనకి నెలమాసికాలూ సంవత్సరీకం ఉన్నట్టే, వాళ్లకి తండ్రి కోసం పదకొండు నెలలు కడ్డిష్, ఆ తర్వాత ఏటా తిథినాడు ఇరవైనాలుగు గంటలు వెలిగే దీపం. కడ్డిష్‌లో చావు అన్న మాటే ఉండదు, అంతా దేవుడి స్తుతి, అరమాయిక్ భాషలో. దాన్ని ఒంటరిగా చదవకూడదు. పదిమంది ఉండాలి, దాన్నే మిన్యాన్ అంటారు. ఆర్థడాక్స్‌లో పదిమందీ మగవాళ్లే, మిగతా చాలాచోట్ల ఆడవాళ్లనీ లెక్కిస్తారు.

ఇక్కడే చిక్కు. చాలా రిఫార్మ్ సినగాగ్‌లలో రోజూ పొద్దున్న మిన్యాన్ ఉండదు. ఆర్థడాక్స్‌లోనూ, కొన్ని కన్సర్వేటివ్‌లలోనూ ఉంటుంది. మా మామగారు పోయినప్పుడు మా బావమరిది చేసిందిదే: శనివారం కుటుంబంతో ఒకచోట, రోజూ పొద్దున్న ఆఫీసుకి ముందు ఇంటి దగ్గరున్న చిన్న ఆర్థడాక్స్ మందిరంలో. అక్కడ పదో మనిషి కోసం రోడ్డు మీదకి వచ్చి చూసేవారట. ఆయన భార్య ఎవరని ఎవరూ అడగలేదు. ఒకే ఇంటికి ఒకే సినగాగ్ అని రూలేమీ లేదమ్మా.

గుంటూరు_టు_థానే:
నాది ఇంకో నగరం, అయినా రాస్తాను. మాది చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం, బెనె ఎఫ్రాయిమ్ కుటుంబం, అంటే యూదు మతం పాటించే తెలుగువాళ్లం. మా ఊళ్లో ఎంచుకోవడం అన్న మాటే లేదు. ఉన్నది ఒక్క సమాజమందిరం, అందులో ఉన్నదంతా చుట్టాలే. ఉద్యోగానికి ముంబయి వచ్చాక తికమకపడ్డాను. కాలాఘోడాలో నీలంరంగు కెనెసెత్ ఎలియాహూ, 1884 నాటిది. బైకుల్లాలో మాగెన్ డేవిడ్. ఆ రెండూ ససూన్ అనే వ్యాపార కుటుంబం కట్టించినవి, బాగ్దాద్ నుంచి వచ్చినవాళ్లవి. కొంకణ తీరంలో తరాలుగా ఉన్న యూదులు, బెనె ఇజ్రాయేల్‌వాళ్లవి వేరే, వాటిలో పాతది షార్ హారహమీమ్, 1796 నాటిది.

మూడు నెలలు దక్షిణ ముంబయి అందాలు చూస్తూ లోకల్ ట్రైన్‌లో తిరిగాను. షబ్బాత్‌నాడు రైలెక్కి వెళ్లడం నాకు లోపల ఒప్పుకోలేదు. చివరికి నా గదికి నడిచివెళ్లే దూరంలో ఉన్న థానే షార్ హషమాయిమ్‌కే వెళ్తున్నాను. 1879లో కట్టినది. ప్రార్థన హీబ్రూలో, బయటికొచ్చాక కబుర్లు మరాఠీలో. శుభకార్యానికి ఏలీయా ప్రవక్త పేరున మలీదా పెడతారు: తడిపిన అటుకులు, కొబ్బరికోరు, చక్కెర, పండ్లు. మొదటిసారి ఆ పళ్లెం చూసినప్పుడు మా నాయనమ్మ వంటిల్లు కళ్ల ముందుకొచ్చింది.

మమ్మల్ని పదిమందిలో లెక్కించాలా వద్దా అన్నది ఒక్కోచోట ఒక్కో మాట. ఒకచోట (ఊరు చెప్పను) నాతో కలిపి పదిమందిమి ఉన్నా, నన్ను లెక్కించకుండా ఇంకొకరి కోసం ఆగారు. ఆ పూట గుండె బరువెక్కింది. అప్పటినుంచీ ఎక్కడికి వెళ్లినా ముందు పెద్దలతో కూర్చుని మాట్లాడుతున్నాను. బాబాయ్ గారు చెప్పినట్టు, ముందే అడగండి అక్కా.

రాజమండ్రి_అమ్మమ్మ:
అమ్మాయీ, నేను అటువైపు తల్లిని. మా అమ్మాయి న్యూయార్క్‌లో యూదుల అబ్బాయిని చేసుకుంది. రెండేళ్ల కిందట మనవరాలి బాత్ మిత్స్వాకి వెళ్లాను. వాళ్లది రిఫార్మ్. చుట్టిపెట్టిన తోరా గ్రంథాన్ని అరలోంచి తీసి తాతలూ అమ్మమ్మల నుంచి తల్లిదండ్రులకీ, వాళ్ల నుంచి పిల్లకీ చేతులు మారుస్తారు. నేను వేరే మతందాన్ని కాబట్టి కింద కూర్చుంటాను అనుకున్నాను. వాళ్ల రబ్బీ వారం ముందే ఫోన్ చేసి "మీరు కూడా పైకి వచ్చి నిలబడాలి, ఆ పిల్ల మీ చేతుల్లోనూ పెరిగింది" అంది. ఆ గ్రంథం నేను పట్టుకోలేదు, పక్కన నిలబడ్డాను. అది చాలు నాకు.

కొన్నిచోట్ల వేదిక మీదకే రానివ్వరట. వాళ్ల పద్ధతి వాళ్లది, తప్పు పట్టను. కానీ మీ అమ్మానాన్నలు బతికి ఉంటే ఇప్పుడే అడిగి పెట్టుకో, ఆరేళ్ల తర్వాత ఆ రోజున వాళ్లు ఎక్కడ కూర్చుంటారని.

బ్రూక్లిన్_సీత:
అమ్మమ్మ గారూ, ఇది నేను ఎప్పుడూ ఆలోచించని ప్రశ్న.

అప్పర్‌వెస్ట్_అమ్మ గారూ, మీ పాపకి ఒకటి చూపించండి. లెక్సింగ్టన్ అవెన్యూలో సెంట్రల్ సినగాగ్ ఉంది, 1872 నాటి కట్టడం. అక్కడ 2014 నుంచి పెద్ద రబ్బీ ఆంజెలా బుక్‌డాల్. సోల్‌లో పుట్టారు, తల్లి కొరియన్ బౌద్ధురాలు, తండ్రి అమెరికన్ యూదు. వాళ్ల ప్రార్థనలు ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా వస్తాయి. మీరు అక్కడ చేరినా చేరకపోయినా, ఆసియా తల్లికి పుట్టిన ఒక స్త్రీ ఆ వేదిక మీద నిలబడి పాడటం మీ పాప చూడాలి.

అప్పర్‌వెస్ట్_అమ్మ:
మూడు నెలలు గడిచాయి. ఆరోజు చెప్పినవాళ్లందరికీ ఏమైందో చెప్పాలని వచ్చాను.

నాలుగుచోట్లకి ఈమెయిల్ రాశాను, మూడు ప్రశ్నలు: పాప యూదేనా, మా అమ్మానాన్నలకి చోటుందా, బాబు ఏడిస్తే ఏం చేయాలి. మూడుచోట్లనుంచి జవాబు వచ్చింది. ఒక రబ్బీ మూడో ప్రశ్నకి రాసిన జవాబు నేను దాచుకున్నాను: "ఏడవనివ్వండి, ఆ చప్పుడు కోసమే ఈ గది కట్టాం." ఇప్పుడు శనివారాలు అక్కడికే వెళ్తున్నాం. రిఫార్మ్, ఇంటినుంచి పదిహేను నిమిషాల నడక. పాపని హీబ్రూ స్కూల్లో చేర్చాం. ఆలెఫ్, బేత్ రాసుకుంటూ పక్కనే అ, ఆ కూడా రాస్తోంది. కిడ్డుష్ ప్లేటు పరీక్షలో ఏడో నిమిషంలోనే ఒకావిడ వచ్చి పేరడిగింది, సీత గారూ.

మావారు వారం మధ్యలో పొద్దున్నే నాలుగు వీధుల అవతల చిన్న ఆర్థడాక్స్ మందిరానికి వెళ్తున్నారు. మొదటిరోజు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశారు. రెండోరోజు లోపలికి వెళితే ఆయనతో కలిపి పదిమంది అయ్యారట. ఇంకా నాలుగు నెలల కడ్డిష్ ఉంది. పోయినవారం జలుబు చేసి వెళ్లకపోతే అక్కడినుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, ఒంట్లో ఎలా ఉందని అడిగారు.

అమ్మమ్మ గారూ, మా అమ్మ డిసెంబరులో వస్తోంది. శనివారం మాతో వస్తానంటోంది. ఏం కట్టుకోవాలని రోజూ ఫోన్‌లో అడుగుతోంది.

రాజమండ్రి_అమ్మమ్మ:
పట్టుచీరే కట్టుకోమను. మీద శాలువా ఒకటి ఇవ్వు, డిసెంబరులో గేటు దగ్గర సంచి చూసేదాకా చలిలో నిలబడాలి. లోపల పుస్తకం ఎడమవైపుకి కాకుండా కుడివైపుకి తిప్పాలని ముందే చెప్పు, నాకు ఎవరూ చెప్పలేదు.