అప్‌డేట్: అమ్మకి వాట్సాప్‌లో డబ్బు పంపడం గురించి

బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ కదిరిలో ఉన్న అమ్మకి నెలనెలా వాట్సాప్‌లోనే డబ్బు పంపొచ్చా, భద్రమేనా అని ఇక్కడ అడిగాను. పంపుతున్నాను, బాగానే అందుతోంది. సమాధానం ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఇది కూడా యూపీఐనే కాబట్టి డబ్బు నా బ్యాంకు ఖాతా నుంచి నేరుగా అమ్మ ఖాతాలో పడుతుంది, మధ్యలో వాలెట్ ఏమీ ఉండదు. అమ్మకున్న టెన్షనల్లా ఒకటే: "డబ్బులు రావాలన్నా పిన్ కొట్టాల్నా నాయనా?" అక్కర్లేదు. పిన్ పంపేవాళ్ళకే. రావాల్సిన డబ్బుకి ఎవరైనా పిన్ కొట్టమన్నారంటే అది మోసమే. ఈ ఒక్క మాట మాత్రం ఫోన్లో పదేపదే చెప్పాను.

ఈలోగా ఇంకోటి జరిగింది. మా బావ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా నుంచి మెసేజ్: ఆస్పత్రిలో ఉన్నాను, అర్జెంటుగా పదిహేను వేలు పంపు అని. కింద ఇచ్చిన యూపీఐ ఐడీ కొట్టి చూస్తే ఎవరిదో తెలియని పేరు వచ్చింది. వెంటనే బావకి ఫోన్ చేశాను. మనిషి ఆఫీసులో ఉన్నాడు, ఖాతా ఎవరో హ్యాక్ చేశారు. పాపం, ఆయన స్నేహితుడొకరు అప్పటికే పంపేశారు. ఆ స్నేహితుడి చేత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం, బ్యాంకుకీ చెప్పించాం. డబ్బు ఇంకా రాలేదు.

ఇలాంటి మెసేజ్ వస్తే దయచేసి మీ దగ్గరున్న పాత నంబరుకి ఫోన్ చేసి, గొంతు విన్నాకే పంపండి. బావ స్నేహితుడి డబ్బు సంగతి తేలగానే మళ్ళీ రాస్తాను.