షేవింగ్ సబ్బు నురగ కొట్టడానికి ఏ గిన్నె వాడుతున్నారు? స్టీలా, పింగాణీయా?

బెల్లందూరు_బావ (బెంగళూరు)

అందరికీ నమస్తే. రెండు నెలల కింద కార్ట్రిడ్జ్ రేజర్ మానేసి పాతకాలం సేఫ్టీ రేజర్‌కి వచ్చేశాను. గోద్రెజ్ షేవింగ్ రౌండ్ సబ్బు, పంది వెంట్రుకల ఒమేగా బ్రష్, ఒక పటిక ముక్క, ఇదీ నా సామాను. గిన్నె మాత్రం వేరే కొనలేదు, వంటింట్లోంచి పాయసం తాగే చిన్న స్టీలు గిన్నె ఒకటి తెచ్చుకున్నాను.

ముందే చెప్పేస్తున్నా, నీళ్ల సంగతి నాకు తెలుసు. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చేది బోరు నీళ్లు, చాలకపోతే ట్యాంకరు. బకెట్ల మీద తెల్లటి పొర గీకినా పోదు. మొదటి వారం ఆ నీళ్లతో కొడితే నురగ రాలేదు సరికదా, విరిగిన పాలలాగా తరకలు వచ్చాయి. ఇప్పుడు రోజూ ఒక గ్లాసు ఆర్వో నీళ్లు పట్టుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్తున్నా, మా ఆవిడ చూసి నవ్వుతోంది, అయినా సరే. కాబట్టి "నీళ్లు మార్చు బ్రో" అని మాత్రం రాయకండి, గిన్నె గురించి చెప్పండి.

ఇబ్బంది ఏంటంటే, గిన్నె లోపలంతా నున్నగా ఉండటంతో సబ్బు గుండ్రంగా జారుతూ తిరుగుతుందే తప్ప నురగ కట్టడానికి చాలా టైం పడుతోంది. బ్రష్ పిడి అంచుకి తగిలి టకటకమంటుంది. తడి చేతిలోంచి రెండు సార్లు జారిపడింది, పొద్దున ఆరింటికి స్టీలు గిన్నె టైల్స్ మీద పడితే ఎలా ఉంటుందో తెలుసుగా, పిల్లాడు లేచి కూర్చున్నాడు. పైగా రెండో సారి గీసుకునేసరికి నురగ చల్లబడిపోతోంది.

షేవింగ్ బౌల్ అని ఆన్‌లైన్‌లో చూస్తే వెయ్యికి పైనే చెబుతున్నారు. అంత పెట్టాలా? లేకపోతే ఇక్కడ కుమ్మరులుండే పాటరీ టౌన్ వెళ్లి మట్టిది ఏదైనా తెచ్చుకుంటే సరిపోతుందా?

పాత_బ్లేడు (చెన్నై)

బావా, వెయ్యి రూపాయలు దాచుకో. షేవింగ్ బౌల్ అని పేరు పెట్టగానే రేటు పెరుగుతుంది, అంతే.

నీ గిన్నెతో అసలు తంటా కొలతది. పాయసం గిన్నె మూతి మూడంగుళాలు ఉంటుందేమో. పంది బ్రష్ తడిశాక విచ్చుకుంటుంది, అది తిరగాలంటే లోపలి వెడల్పు కనీసం నాలుగంగుళాలు ఉండాలి, నాలుగున్నర అయితే హాయి. ఐదు దాటితే నురగంతా గోడలకి పూసుకుపోయి బ్రష్‌కి రాదు, చేతిలో కూడా ఇమడదు. లోతు రెండున్నర చాలు. మరీ లోతైతే నువ్వన్న టకటకే, మరీ తక్కువైతే నురగ అద్దం మీద ఉంటుంది. అడుగు గుండ్రంగా ఉండాలి, టిఫిన్ డబ్బాలాగా మూలలు ఉంటే సబ్బంతా ఆ సందులోనే కూర్చుంటుంది.

లోపల గరుకు గురించి నువ్వన్నది కరెక్టే. గీతలు ఉంటే వెంట్రుకలు వాటికి తగిలి వంగి లేస్తూ గాలిని లోపలికి కలుపుతాయి, కవ్వంతో చిలికినట్టు. నున్నటి గిన్నెలో కూడా నురగ వస్తుంది, కాకపోతే ఇంకో నిమిషం కొట్టాలి. నేనొకసారి తెలివి ఉపయోగించి, స్టీలు కొట్లో గిన్నెల మీద పేర్లు చెక్కుతారు చూడు, ఆ మిషన్‌తో గిన్నె లోపల చుక్కలు పెట్టమని అడిగాను. కొట్టాయన నా మొహం వైపు చూసి "లోపల ఎందుకు సార్, పేరు కనపడదు కదా" అన్నాడు. పెట్టాడు గానీ ఆ చుక్కలు మరీ పైపైన ఉంటాయి, కాణీ ఉపయోగం లేదు. నా ఇంటిపేరు మాత్రం బయట ఉచితంగా చెక్కాడు.

ఇంకోటి, తప్పంతా గిన్నె మీద వేయకు. పంది బ్రష్‌ని ముందు కొన్ని నిమిషాలు నీళ్లలో నానబెడుతున్నావా? ఆ వెంట్రుక నీళ్లు పీల్చుకుంటుంది, నానకుండా మొదలుపెడితే నురగలోని నీళ్లనే తాగేస్తుంది. నానాక రెండు సార్లు విదిలించి, సబ్బు మీద అర నిమిషం తిప్పి, అప్పుడు గిన్నెలోకి రా. నీళ్లు మాత్రం చుక్కలు చుక్కలుగానే. బట్టల సబ్బు నురగలాగా పెద్ద పెద్ద బుడగలు వస్తే అది నురగ కాదు, గాలి. గిలక్కొట్టిన మీగడ పెరుగులా మెరుస్తూ ఉండాలి.

మట్టివేళ్లు (బెంగళూరు)

నేను గడ్డం గీసుకోను గానీ మూడేళ్లుగా వారాంతాల్లో సిరామిక్స్ నేర్చుకుంటున్నాను, మా నాన్నగారికి ఇలాంటి గిన్నె చేసిచ్చాను కూడా. అందుకే దూరుతున్నా.

పాటరీ టౌన్‌కి తప్పకుండా వెళ్లండి, చూడటానికి బాగుంటుంది. కానీ అక్కడ ఎక్కువగా కనిపించేవి కుండలు, దీపాలు, వినాయకుడి బొమ్మలు, అంటే మామూలు ఎర్రమట్టి, గ్లేజు (గాజులాంటి నున్నటి పూత) లేనివి. అలాంటి గిన్నె నీళ్లు పీల్చుతుంది. కూజాలో నీళ్లు చల్లబడటానికి కారణం అదే, మీ నురగకి అదే శత్రువు. నురగలోని తడి గోడలోకి పోతుంది, సబ్బు కూడా ఇంకుతుంది, బాత్‌రూమ్ చెమ్మలో నాలుగు రోజులకి నల్లగా బూజు పడుతుంది.

మీకు కావాల్సింది లోపలా బయటా గ్లేజు ఉన్న పింగాణీ గానీ స్టోన్‌వేర్ గానీ. స్టోన్‌వేర్‌ని 1200 డిగ్రీల పైన కాలుస్తారు, ఆ వేడికి మట్టి గట్టిపడి నీళ్లు పీల్చడం దాదాపు పోతుంది. చెన్నై వాళ్లకైతే పాండిచ్చేరి దగ్గరే. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎంతోమంది సొంతంగా స్టూడియోలు పెట్టుకున్నారు.

చక్రం మీద చేసిన గిన్నెలో వేళ్ల గీతలు వాటంతట అవే వస్తాయి, మేమే కష్టపడి చెరిపేస్తాం. ఎవరితోనైనా చేయించుకుంటే "లోపల చెరపొద్దు" అని చెప్తే చాలు. కొనేటప్పుడైతే వేలు పెట్టి తడమండి. గీత తెలియాలి, గుచ్చుకోకూడదు. పదునుగా ఉంటే బ్రష్ వెంట్రుకలు విరుగుతాయి. గ్లేజు మరీ మందంగా ఉంటే గీతలు కంటికి కనిపిస్తాయి, వేలికి తగలవు. అడుగున గ్లేజు లేని అంచు ఒకటి వదులుతాం, తడి చేతికి పట్టు దొరికేది అక్కడే.

పులుసుగిన్నె (చెన్నై, సొంతూరు నెల్లూరు)

ఎవరూ రాచ్చిప్ప పేరు ఎత్తలేదేంటి! ఇక్కడ కల్‌చట్టి అని అడిగితే ఇస్తారు. చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం ఉంది చూడండి, అదే జాతి మెత్తని రాయి. వేడిని ఎంతసేపు పట్టి ఉంచుతుందో పప్పు పులుసు తిన్న ఎవరికైనా తెలుసు, పొయ్యి కట్టేశాక కూడా ఉడుకుతూనే ఉంటుంది. లోపల ఉలి గీతలు కూడా ఉంటాయి. మా అమ్మమ్మది చిన్నది ఒకటి అటక మీద ఉంటే తెచ్చుకుని వాడాను. గోరువెచ్చటి నీళ్లు పోసి పక్కన పెట్టి, స్నానం చేసొచ్చి ఆ నీళ్లు పారబోసి నురగ కొడితే చివరిదాకా వెచ్చగానే ఉండేది. సలసల కాగే నీళ్లు మాత్రం ఒక్కసారిగా పోయొద్దు, పగలొచ్చు.

రెండు కష్టాలు. బరువు, చేత్తో పట్టుకోలేం, గట్టు మీద పెట్టే కొట్టాలి. రెండోది మా పెద్దమ్మ. పండక్కి వచ్చి ఆ చిప్ప వాసన చూసి, ఇక ఇందులో జన్మలో పులుసు కాయలేమని ఇల్లంతా ఒకటి చేసింది. రాయి కదా, సబ్బు వాసన పీల్చేసింది. అందుకని వాడాలనుకుంటే కొత్తది కొనుక్కోండి, వంటింట్లోది ముట్టుకోకండి.

సూటిగా (బెంగళూరు)

వేడి వేడి అని అందరూ రాస్తున్నారు గానీ, నురగలో ఉన్నదే సగం గాలి, అందులో ఎంత వేడి నిలుస్తుంది? పైగా మందపాటి పింగాణీ గిన్నెని ముందుగా వేడి నీళ్లతో నింపి ఉంచకపోతే అది నురగలోని వేడినే లాక్కుంటుంది, ఆ లెక్కన పల్చటి స్టీలే నయం. వేడి మరీ ఎక్కువైతే నురగ తొందరగా ఎండుతుంది కూడా.

నేను గిన్నె వాడను. బ్రష్‌తో నేరుగా మొహం మీదే కొడతాను. పంది బ్రష్ బిరుసుగా ఉంటుంది కాబట్టి వెంట్రుకల్ని లేపుతుంది కూడా. చర్మం మంట పుట్టేవాళ్లకి గిన్నే మంచిది, అది ఒప్పుకుంటా.

నీళ్ల గురించి రాయొద్దన్నావు గానీ ఒక్క మాట. కావేరి తాగునీటి పథకం ఐదో దశ నీళ్లు 2024 అక్టోబర్‌లో మొదలయ్యాయి, మీ వైపు ఊళ్ల కోసమే. కనెక్షన్ తీసుకున్నారో లేదో అసోసియేషన్‌లో అడిగావా?

బెల్లందూరు_బావ (బెంగళూరు)

రెండు వారాల తర్వాత వస్తున్నా, సారీ. అసోసియేషన్‌లో అడిగాను సూటిగా గారూ, మీటింగ్‌లో పెడతామన్నారు, ఆ మీటింగ్ ఎప్పుడో వాళ్లకే తెలియాలి.

పాటరీ టౌన్ వెళ్లాను. పిల్లాడు దీపాలు, గుర్రం బొమ్మ కొనిపించాడు. గిన్నె మాత్రం రోడ్డు పక్కన పింగాణీ సామాన్లు పరుచుకుని అమ్మే ఒకాయన దగ్గర దొరికింది, నూట ఎనభై. మట్టివేళ్లు గారు చెప్పినట్టు కళ్లు మూసుకుని వేలు పెట్టి తడిమాను, ఆయన అనుమానంగా చూశాడు. అడుగు నుంచి అంచు దాకా చుట్టలు చుట్టలుగా గీత ఉంది. స్కేలు తీసుకెళ్లడం మర్చిపోయాను, బస్ పాస్ అడ్డం పెట్టి కొలిచాను, నాలుగంగుళాల పైచిలుకు. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడింది, అందుకే ఆ రేటు.

తేడా బాగా తెలుస్తోంది. మునుపు రెండు మూడు నిమిషాలు కొట్టేవాణ్ణి, ఇప్పుడు నిమిషంలో మీగడ పెరుగు. కానీ నిజం చెప్పాలంటే బ్రష్ నానబెట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాను, కాబట్టి ఏది ఎంత పనిచేసిందో చెప్పలేను. నిన్న పాత స్టీలు గిన్నెలో నానిన బ్రష్‌తో కొట్టి చూశా, అది కూడా మరీ అన్యాయంగా ఏం లేదు. టకటక మాత్రం అలాగే ఉంది.

పాత_బ్లేడు (చెన్నై)

ఆ పెచ్చు ఊడిన చోట నీళ్లు ఇంకుతున్నాయేమో చూసుకో. కాస్త నెయిల్ పాలిష్ పూసెయ్.

బెల్లందూరు_బావ (బెంగళూరు)

పూశాను. ఇంట్లో ఎర్రదే ఉంది. గిన్నె ఎవరిదని పనమ్మాయి అడిగింది.