వాలీబాల్ క్రెడిట్ క్లాసు: ఆట రానివాళ్లకి బంతి అందేదెప్పుడు?

ఈసీఈ సెకండియర్:
మాది అటానమస్ ఇంజనీరింగ్ కాలేజీ. ఈ సెమిస్టర్ నుంచి ఆటలకీ ఒక క్రెడిట్ పెట్టారు. యోగా, చెస్, వాలీబాల్‌లో ఏదో ఒకటి తీసుకోవాలి. నేను కావాలనే వాలీబాల్ తీసుకున్నా. క్లాసులో 45 మందిమి, కోర్టు ఒకటే, బంతులు ఆరు, అందులో గాలి నిలిచేవి నాలుగు. వారానికి రెండు సాయంత్రాలు, నాలుగు నుంచి ఐదున్నర దాకా. మొదటి గంటంతా గోడకేసి అండర్‌హ్యాండ్ పాసులు. చివరి అరగంట మ్యాచ్. ఆ మ్యాచ్‌లో ఎప్పుడూ ముందే ఆట వచ్చిన ఆ పన్నెండు మందే. మేము గీత బయట నిలబడి, బయటికొచ్చిన బంతి తెచ్చివ్వాలి. ఇంటర్నల్‌కి పది సర్వీసులు చేయాలట, ఓవర్‌ఆర్మ్ (చెయ్యి తలపైనుంచి తెచ్చి కొట్టేది) అయితేనే లెక్క. అండర్‌ఆర్మ్‌తో, అంటే చెయ్యి కిందినుంచి తెచ్చి కొట్టి, కోర్టు లోపల వేసినా సున్నా.
నేను అడిగేది రెండే. నేర్పే క్లాసులో రానివాళ్లు ఆడేదెప్పుడు? అండర్‌ఆర్మ్ సర్వీసుకి మార్కులు ఎందుకివ్వరు?

పాత విజిల్:
అమ్మాయ్, నేను సర్వీసంతా జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. మీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) చేసేదే కరెక్ట్. పాస్ రానివాడికి మ్యాచ్ ఏమిటి? బంతి మణికట్టుకి కాస్త పైన, ముంజేతుల మీద పడాలి. మోచేతులు వంగకూడదు. చేతులు ఊపకూడదు, మోకాళ్లలోంచి లేవాలి. ఇది ఒంటికి పట్టేదాకా గోడే గురువు. 1986లో సియోల్ ఆసియా క్రీడల్లో మన మగవాళ్ల జట్టు కాంస్యం తెచ్చింది. ఆ తర్వాత ఏషియాడ్‌లో వాలీబాల్ పతకం లేదు. ఎందుకంటే బేసిక్స్ వదిలేసి అందరూ షాట్లు కొట్టడానికి ఎగబడుతున్నారు. ఇక అండర్‌ఆర్మ్ అనేది ఆరో తరగతి పిల్లల సర్వీసు. డిగ్రీ చదివేవాళ్లు దానికి మార్కులు అడగడం సిగ్గుచేటు.

చివరి బెంచీ:
సియోల్ పతకానికీ ఈసీఈ ఇంటర్నల్‌కీ లంకె పెట్టారు చూడండి సార్, దండం.

టెక్సాస్ తెలుగు:
నేను ఇక్కడ ఎంఎస్ చేసేటప్పుడు ఒక క్రెడిట్ బిగినర్ వాలీబాల్ తీసుకున్నా. మొదటి రోజే ఆడించారు. నలుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు, నెట్ కాస్త దించి. అండర్‌ఆర్మ్‌తోనే మొదలుపెట్టమన్నారు. హాజరుకీ, రూల్స్ మీద చిన్న పరీక్షకీ గ్రేడు. బాగా ఆడేవాళ్లకి వేరే సెక్షన్. అక్కడ నేర్చుకున్న ఆటే ఇప్పటికీ శనివారాలు ఇక్కడి తెలుగువాళ్లతో ఆడుతున్నా.

కోనసీమ కుర్రోడు:
అన్నా, మీ దగ్గర ఏసీ హాలు, నేల మీద చెక్క. మా దగ్గర ఎండకి పెచ్చులు లేచిన సిమెంటు. అమెరికా కబుర్లు పక్కన పెడదాం. నేను కాలేజీ టీమ్‌లో లిఫ్టర్‌ని, షాట్ కొట్టేవాడికి బంతి ఎత్తిచ్చేవాణ్ణి. అసలు సంగతి చెప్పనా? వాలీబాల్ క్లాసులో రాదు. మా ఊళ్లో రెండు సరుగుడు బాదులు పాతి, మధ్యలో చేపల వల కట్టి ఆడేవాళ్లం. పెద్దోళ్లు ఆడుతుంటే బంతి తెచ్చిచ్చే పని మాదే. సంక్రాంతి టోర్నమెంటుకి ఒకడు తగ్గితే అప్పుడు పిలిచేవాళ్లు. అలా నేర్చుకున్నాం. నెల తిరక్కుండానే మ్యాచ్ కావాలి, మార్కులు కావాలి అంటే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

ఈసీఈ సెకండియర్:
మద్దెల ఎవరు బ్రదర్, అండర్‌ఆర్మా? పాత విజిల్ గారూ, రూల్ చదివాను. బంతిని ఎగరేశాక గానీ వదిలాక గానీ ఒక చేత్తో, లేదా చేతిలో ఏ భాగంతోనైనా కొట్టొచ్చు. విజిల్ వేశాక ఎనిమిది సెకన్లలో కొట్టాలి. చెయ్యి పైనుంచే రావాలని ఎక్కడా లేదు. పెద్ద మ్యాచ్‌లో చెల్లే సర్వీసు మా క్లాసులో ఎందుకు చెల్లదు?

పాత విజిల్:
రూలులో ఉన్నంత మాత్రాన అది ఆటయిపోదు. రేపు సర్వీసు నెట్‌కి తగిలి అవతల పడినా పాయింటే అంటావు.

గ్రౌండ్ మనిషి:
సార్, పాయింటే. 2000 ప్రాంతం నుంచీ సర్వీసు నెట్‌కి తగిలి అవతల పడినా ఆట నడుస్తుంది.

పాత విజిల్:
నేను విజిల్ వేసినన్నాళ్లూ తగిలితే సర్వీసు పోయినట్టే. సర్వీసు చేసినవాడికే పాయింటు, 15కి ఆట. సెట్టు గంట నడిచేది, దమ్ము తెలిసేది. ఇప్పుడు ఎవడు తప్పు చేసినా అవతలవాడికి పాయింటు, 25కి ముగింపు.

చివరి బెంచీ:
కాలికి తగిలితే ఫౌలు అని కూడా అంటారేమో చూడండి.

పాత విజిల్:
ఫౌలు కాదా మరి?

గ్రౌండ్ మనిషి:
కాదండీ. తొంభైల నుంచే ఒంట్లో ఎక్కడ తగిలినా చెల్లుతుంది. సరే, ఆ సంగతి వదిలేద్దాం. నేను ఒక డిగ్రీ కాలేజీలో పీడీని. ఈ అమ్మాయి చెప్పిన ఇబ్బంది నాకు రోజూ ఎదురయ్యేదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.
ఆరుగురు–ఆరుగురు ఆడితే 45 మందిలో 33 మంది ఖాళీ. అది టైమ్‌టేబుల్ చేసిన తప్పు, ఆటది కాదు. కోర్టు వెడల్పు తొమ్మిది మీటర్లు. అదే నెట్ కింద సున్నంతో మూడు మీటర్ల చొప్పున మూడు పట్టీలు గీయండి. పట్టీకి ముగ్గురు–ముగ్గురు. ఒకేసారి 18 మంది ఆడతారు. మిగతావాళ్లు గోడ దగ్గర పాసులు, పది నిమిషాలకి మారాలి. ముగ్గురే ఉంటే పాస్, లిఫ్ట్, షాట్ అందరికీ చేతికొస్తాయి, ఎవరూ దాక్కోలేరు. నెట్ కూడా మగవాళ్ల 2.43 మీటర్ల ఎత్తులో కట్టి కొత్త పిల్లల్ని ఎగరమనడం అన్యాయం. ఆడవాళ్ల ఎత్తే 2.24. క్లాసుకి ఇంకా దించినా నష్టం లేదు. మార్కులకి వస్తే, మొదటివారం ఎంత వచ్చు, చివరివారం ఎంత వచ్చు అని చూసి వేస్తే సరి. ముందే వచ్చినవాడు పదికి పది సర్వీసు చేస్తే వాడు క్లాసులో నేర్చుకున్నదేముంది?

టెక్సాస్ తెలుగు:
నేనూ ఇదే అన్నాను. ఏసీ హాలు అని కొట్టిపారేశారు.

కోనసీమ కుర్రోడు:
పీడీ గారూ, ఆఖరి మాట నాకు నచ్చలేదు. వచ్చినవాడికి మార్కులు తగ్గించాలా? లెక్కలు ముందే వచ్చినవాడికి మ్యాథ్స్‌లో మార్కులు తగ్గిస్తున్నారా?

ఈసీఈ సెకండియర్:
మార్కులు మీరే తీసుకోండి. ముందు బంతి వదలండి. మొన్న ఎలాగో మమ్మల్నీ మ్యాచ్‌లోకి దింపారు. నేను వెనక వరసలో ఎడమ మూల. బంతి నేరుగా నా మీదకే వస్తోంది, చేతులు జోడించి వంగాను, ‘నాది’ అని అరిచాను కూడా. ముందు వరస కుర్రాడు రెండంగల్లో వెనక్కొచ్చి నా తల మీదుగా తీసుకున్నాడు. ఆ సాయంత్రమంతా నాకు తగిలింది నేను చేసిన సర్వీసు బంతే. రొటేషన్ కూడా సరిగా చేయరు. సర్వీసు చేతికొచ్చినప్పుడు గడియారం తిరిగే వైపు అందరూ ఒక్కో స్థానం జరగాలి కదా? షాట్ కొట్టే అతను మాత్రం నెట్ దగ్గర మేకులా పాతుకుపోయి ఉంటాడు. పాయింటు పోతే చూపులన్నీ మా అమ్మాయిల మీదకే.

పులిహోర ప్యాకెట్:
మా కాలేజీలో కూడా సేమ్. ‘మేడమ్, పక్కకి జరగండి’ అన్నదే నాకొచ్చిన కోచింగ్.

కోనసీమ కుర్రోడు:
బంతి కింద పడితే ఆట ఆగిపోతుంది, అందుకే తీసుకుంటాం. ఇందులో అమ్మాయిలు, అబ్బాయిలు అని తేవద్దు.

ఈసీఈ సెకండియర్:
క్లాసులో ఆట ఆగితే ఏమవుతుంది? కప్పు పోతుందా?

కోనసీమ కుర్రోడు:
పోతుంది. ఇప్పుడు చెప్తా వినండి. మా కాలేజీలోనూ ఈ ఏడే క్రెడిట్ క్లాసు పెట్టారు. అదీ సాయంత్రం నాలుగింటికే. ఇదివరకు ఆ టైము టీమ్ ప్రాక్టీసుది. ఇప్పుడు క్లాసయ్యేసరికి చీకటి. లైట్లు లేవు. యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్ దగ్గరపడుతోంది, మేం ఆరుగురం కలిసి ఆడి ఎన్నాళ్లయిందో. మా పీడీ ఏమన్నారంటే, ‘క్లాసులోనే కలిసి ఆడుకోండ్రా’ అని. అందుకే ఆ అరగంటలో బంతి వదలం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది మాకు.
ఇంకోటి. నేను టెన్త్ దాకా తెలుగు మీడియం. ఫస్టియర్ సెమినార్‌లో నేను ‘వోల్టేజ్’ పలికిన తీరుకి క్లాసంతా నవ్వింది. ల్యాబ్‌లో మీరు ముందు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో మీరు ముందు, గ్రూప్ డిస్కషన్‌లో మీరు ముందు. అక్కడెవరూ ‘తమ్ముడికి రాదు, పది నిమిషాలు వాడిని మాట్లాడనిద్దాం’ అనలేదు. గ్రౌండు ఒక్కటే మేం ముందున్న చోటు. అక్కడ కూడా సమానంగా పంచాలి అంటున్నారు.

చివరి బెంచీ:
ఇది వాలీబాల్ గురించేనా?

పాత విజిల్:
అవును, చర్చ దారి తప్పింది. అండర్‌ఆర్మ్ సంగతి తేలలేదు.

ఈసీఈ సెకండియర్:
మీ సెమినార్‌లో నవ్వినవాళ్లు చేసింది తప్పే. కానీ ‘మీరు’ అని నన్ను వాళ్లలో కలిపేశారు. నా సంగతీ వినండి. ఇంటర్ రెండేళ్లు హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ కాలేజీలో చదివాను. అది అపార్టుమెంటు లాంటి బిల్డింగు, గ్రౌండు లేదు, మెట్ల దగ్గర ఖాళీ జాగా తప్ప. టైమ్‌టేబుల్‌లో గేమ్స్ అని రాసి ఉండేది, ఆ గంటలో ఫిజిక్స్ స్లిప్ టెస్ట్. పరుగెత్తితే ఆయాసం వస్తుందని బీటెక్‌లో తెలిసింది నాకు. మీకు ఊరు నేర్పింది. నాకు ఈ క్లాసు తప్ప ఇంకో చోటు లేదు. ముంజేతుల మీద ఎర్రటి చుక్కలు లేచి, మా అమ్మ అలర్జీ అనుకుని ఆయింట్‌మెంట్ రాసింది. అయినా మానలేదు. నేను మీ చోటు లాక్కోవడానికి రాలేదు.

కోనసీమ కుర్రోడు:
మీరు రాలేదండీ, మిమ్మల్ని పంపారు. మా టైములో. తేడా మాకేం తెలుస్తుంది?

గ్రౌండ్ మనిషి:
ఇదిగో, ఇప్పుడు ఒక దారికొచ్చారు. కొత్త జాతీయ విద్యా విధానం, దాన్నిబట్టి యూజీసీ తెచ్చిన నాలుగేళ్ల డిగ్రీ కరికులం, వీటితో ఆటలూ ఫిట్‌నెస్సూ కోర్సు కిందకొచ్చాయి. ఇంజనీరింగ్ వాళ్లదీ అదే బాట. నేను దానికి సంతోషించినవాణ్ణే. కానీ క్రెడిట్ కాగితం మీద వచ్చినంత తేలిగ్గా రెండో కోర్టు రాదు. మా దగ్గర నేనొక్కణ్ణే పీడీని, గీతలు గీసే మార్కర్ కూడా లేడు. టీమ్‌కీ క్లాసుకీ ఒకే నెట్టు ఇస్తే పిల్లలు మీలాగే ఒకరినొకరు తిట్టుకుంటారు, ప్రిన్సిపాల్ గదిలో మాత్రం అంతా ప్రశాంతం. టీమ్‌కి పొద్దున్న ఆరింటికి పెట్టమని అడగండి.

కోనసీమ కుర్రోడు:
మా హాస్టల్ గేటు ఆరున్నరకి తీస్తారు సార్. టీమ్‌లో ముగ్గురు డే స్కాలర్లు, బస్సు వచ్చేసరికి ఎనిమిదిన్నర.

పులిహోర ప్యాకెట్:
క్లాసునే పొద్దున్న పెట్టమంటే?

ఈసీఈ సెకండియర్:
మాదీ ఎనిమిదిన్నర బస్సే. టీమ్ టైము వేరేగా ఇస్తే క్లాసులో ఒక్కో పట్టీలో ఒక్క టీమ్ ప్లేయర్‌ని పెట్టొచ్చు, నేర్పడానికి. మాలో ఎవరూ వద్దనరు.

కోనసీమ కుర్రోడు:
నేర్పితే నాకూ క్రెడిట్ ఇస్తారా?

గ్రౌండ్ మనిషి:
అడిగి చూడు. నేనైతే రాసి పంపుతాను.

పాత విజిల్:
అన్నీ మాట్లాడారు. అసలు ఓవర్‌ఆర్మ్ ఎందుకు రావట్లేదో ఎవరూ చెప్పలేదు. అమ్మాయ్, ఎడమ కాలు ముందు పెట్టు. టాస్ తలపైకి కాదు, కుడి భుజానికి ఎదురుగా, తక్కువ ఎత్తులో. అరచేతి మడమతో బంతి నడుమ కొట్టు. నెట్ వైపు కాదు, నెట్‌కి పైన చూసి కొట్టు.

కోనసీమ కుర్రోడు:
టాస్ తక్కువేస్తే చెయ్యి లాగే టైము ఉండదు సార్. కొత్తవాళ్లు కాస్త ఎత్తేయాలి. ఒక్క ఎడమ చేత్తోనే ఎగరెయ్యండి మేడమ్, రెండు చేతులతో వేస్తే భుజం తిరగదు. మణికట్టు బిగించండి.

పాత విజిల్:
ఎత్తేస్తే గాలికి పోతుంది. మీది బయటి కోర్టు.

ఈసీఈ సెకండియర్:
ఇద్దరూ ఒక మాట మీదకి రండి. టెస్టు గురువారం.