పార్వతీపురంలో పాత దొంగతనం కేసు, రాయగడలో కొత్తది: శిక్ష పెరుగుతుందా?

రాయగడ వాసి:
మా బావమరిది మీద 2019లో పార్వతీపురం కోర్టులో ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 379 కింద దొంగతనం కేసు ఉండేది, డబ్బు కట్టి బయటపడ్డాడు. ఇప్పుడు ఒడిశాలోని మా రాయగడలో సెల్‌ఫోన్ దొంగతనం, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303(2) కింద చార్జిషీటు వేశారు. ఆంధ్రా కేసు ఇక్కడ లెక్కకొస్తుందా? ఇంకో రెండు కేసులు పెండింగ్‌లో ఉన్నాయి.

జైపూర్ (ఒడిశా) లాయర్:
రాష్ట్రం దాటితే పాత శిక్ష చెరిగిపోదండీ. ముందు ఆ డబ్బు దేనికి కట్టారో తేల్చుకోండి. నేరం ఒప్పుకుని జరిమానా కడితే అది శిక్ష పడినట్టే. సొత్తు యజమానితో లోక్ అదాలత్‌లో రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్టు. ఇళ్లల్లో రెండింటికీ ఒకటే మాట వాడతారు, అక్కడే కేసు తారుమారవుతుంది. ఈ-కోర్ట్స్ (కోర్టు కేసుల వెబ్‌సైట్)లో కేసు నంబరు పట్టుకుని, పార్వతీపురం కోర్టులో తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి.

303(2)లో మామూలుగా మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల దాకా కఠిన జైలు, పైన జరిమానా. కాకపోతే చట్టంలో ‘ఈ సెక్షన్ కింద’ రెండోసారి అని ఉంది. సంహిత అమల్లోకి వచ్చింది 2024 జులై 1న, మీ పాతది ఐపీసీ కింద. శిక్షాచట్టాన్ని ఉన్న మాటకు మించి సాగదీయకూడదు కాబట్టి ఈ పాయింటు మీ లాయరు గట్టిగా ఎత్తాలి. జడ్జి ఒప్పుకున్నా, మూడేళ్ల లోపు ఎంత వేయాలో చూసేటప్పుడు పాత శిక్ష ఎలాగూ ఎదురొస్తుంది.

బరంపురం క్రిమినల్ సైడ్:
పాత శిక్షను ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. దాని తేదీ, అది ఎక్కడ పడిందీ చార్జి (కోర్టు మోపే అభియోగం)లో రాయాలి. రాయలేదని ధీమాగా ఉండకండి, శిక్ష వేసే ముందు దాకా చేర్చుకోవచ్చు. కోర్టు రికార్డు నకలో, జైలు సర్టిఫికెట్టో పెట్టి, ఆ మనిషే ఈ మనిషని కూడా చూపించాలి. మన సరిహద్దులో చిక్కు ఇక్కడే: ఆంధ్రా కాగితంలో ఇంటిపేరు ముందు, ఒడిశా కాగితంలో చివర. తండ్రి పేరు, ఊరు, వేలిముద్రలు కలుస్తున్నాయా చూడండి.

పెండింగ్ కేసులు శిక్షలు కావు. 2018లో మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక ఉరిశిక్ష కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బెయిల్‌లో మాత్రం దెబ్బ కొడతాయి. భారతీయ నాగరిక సురక్షా సంహిత (విచారణ, బెయిల్ పద్ధతుల చట్టం) 479 ప్రకారం ఎప్పుడూ శిక్ష పడనివాడికి గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లకు సగం కాలం విచారణలోనే జైల్లో గడిస్తే బెయిల్ మీద విడుదల. ఒకటికి మించి కేసులు నడుస్తుంటే ఆ వెసులుబాటే లేదు.

రాయగడ వాసి:
ప్రొబేషన్ (జైలుకు పంపకుండా మంచి నడవడి షరతు మీద వదలడం) ఆశ ఉందా సార్?

జైపూర్ లాయర్:
1958 ప్రొబేషన్ చట్టం సెక్షన్ 3 కింద మందలించి వదిలేయడం కుదరదు, పాత శిక్ష రుజువైతే అడ్డం. సెక్షన్ 4లో ఆ అడ్డు రాసి లేదు, బాండు మీద వదలమని అడగొచ్చు. ఒప్పించడం కష్టమే, అయినా అడగండి. ఫోను విలువ 5,000 లోపైతే దొరికే సమాజసేవ శిక్ష మొదటిసారి వాళ్లకే.