అప్‌డేట్: వ్యాన్ హీటర్ గొట్టాల లీకు ఆగింది

మా 1974 ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లో హీటర్ లివర్ పూర్తిగా లాగినా ముందు సీట్లకి వెచ్చని గాలి రావడం లేదని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

దీని ఇంజన్ వెనక ఉంటుంది, నీళ్ళతో కాకుండా ఫ్యాన్ గాలితో చల్లబడుతుంది, కాబట్టి రేడియేటర్ ఉండదు కదా. ఆ ఫ్యాన్ గాలే ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) చుట్టూ ఉన్న హీట్ ఎక్స్ఛేంజర్లలో, అంటే పొగ వేడిని గాలికి అందించే భాగాల్లో, వేడెక్కి, వెనక నుంచి ముందు దాకా గొట్టాల్లో ప్రయాణించాలి. మధ్యలో ఏ అతుకు వదులైనా ఆ వేడంతా రోడ్డు పాలే.

ఇంజన్ ఆపి, వాక్యూమ్ క్లీనర్ గాలిని గొట్టంలోకి వదిలి, అతుకు అతుకు దగ్గరా టిష్యూ ముక్క పట్టి చూశాను. కుడి వైపు ఒకచోట రెపరెపలాడింది. మూడేళ్ళ కిందట నేను చుట్టిన గుడ్డ టేపే! జిగురు వేడికి కరిగి నల్లటి బంకలా కారిపోయింది. అదంతా గీకి, కొత్త గొట్టం తొడిగి, వేడిని తట్టుకునే సిలికాన్ రాసి, క్లాంపు బిగించి, పైన అల్యూమినియం టేపు చుట్టాను.

ఒక్కమాట. ఎక్స్ఛేంజర్‌కే చిల్లు పడితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి వస్తుంది, దానికి వాసన ఉండదు. అది కూడా చెక్ చేయించి, అలారం పెట్టాను. దయచేసి మీరూ పెట్టించుకోండి.

నిన్న పొద్దున మైనస్ 4 డిగ్రీల్లో వెళ్తుంటే మా పాప మంకీ క్యాప్ తీసేసింది.