ఫ్రాన్స్‌లోని ల్వార్ నది లోయలో రెండు రోజులు: నలుగురు విద్యార్థులకు అద్దె కారా, రైలూ సైకిలా?

తూర్పుగాలి:
ప్యారిస్‌లో చదువుకుంటున్న నలుగురం, జులైలో ఒక శని, ఆదివారాలు. అందరికీ 22–24 ఏళ్లు. ఇద్దరికి ఇండియా లైసెన్సుంది, ఒకరు శాకాహారి. షాంబోర్, షెనోన్సో, విలాంద్రీ కోటలు చూడాలి, మధ్యలో పల్లెల్లో తిరగాలి. ఇద్దరు కారంటున్నారు, ఇద్దరు రైలంటున్నారు. ఆ దారులు తెలిసినవాళ్లు చెప్పండి.

స్టీరింగ్:
నలుగురైతే కారే. షాంబోర్‌కి రైలు లేదు. దగ్గర్లోని పెద్ద స్టేషన్ బ్లువా, అక్కడినుంచి 16 కిలోమీటర్ల పైమాటే. సీజన్లో స్టేషన్ నుంచి బస్సు నడుస్తుంది గానీ రోజుకు కొన్ని ట్రిప్పులే, ఒకటి తప్పిందంటే పూట పోయినట్టే. షాంబోర్ నుంచి షెనోన్సోకి కారులో గంట. రైలు మీద అయితే బ్లువాకి వెనక్కి వచ్చి, తూర్ నగరం మీదుగా చుట్టు తిరిగి పోవాలి. పైగా జులై మొదట్లో పొద్దు పదింటికి గాని కుంకదు. కోటలు మూసేశాక మిగిలే ఆ మూడు గంటల వెలుగులోనే ద్రాక్షతోటల మధ్య ఊళ్లు చూడాలి. ఆ వేళకి చిన్న స్టేషన్లలో రైళ్లు అయిపోతాయి.

లైసెన్సు గురించి: విద్యార్థి హోదాలో ఉన్నంతకాలం ఇండియా లైసెన్సుతో ఫ్రాన్స్‌లో నడపొచ్చు. దానితోపాటు అధికారిక అనువాదం గానీ ఇంటర్నేషనల్ పర్మిట్ గానీ ఉండాలి. పర్మిట్ ఇండియాలో ఆర్టీఓ ఇస్తుంది, బయల్దేరేముందే తీసుకోవాలి. తీసుకోకపోతే ఇక్కడ ప్రమాణం చేసిన అనువాదకుల చేత చేయించుకోండి.

రైలుబండి:
అన్నా, అద్దె కౌంటర్ దగ్గర జరిగేది కూడా చెప్పాలి కదా. నలుగురూ 25 లోపే, కాబట్టి "యువ డ్రైవర్" అదనపు రుసుం రోజుకింతని పడుతుంది. రెండో డ్రైవర్ పేరు రాయిస్తే ఇంకొంత. లైసెన్సు వచ్చి కనీసం ఏడాది అయ్యుండాలని చాలాచోట్ల అడుగుతారు. డిపాజిట్‌కి నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు కావాలి. వందల యూరోలు, ఒక్కోసారి వెయ్యి దాటి బ్లాక్ చేస్తారు. విద్యార్థుల దగ్గర ఉండేది ఎక్కువగా డెబిట్ కార్డే, చాలామందికి కారు చేజారేది అక్కడే. ఆటోమేటిక్ గేరు బళ్లు తక్కువ, ధర ఎక్కువ.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆదివారం. చిన్న ఊళ్ల ఏజెన్సీలు చాలావరకు శనివారం మధ్యాహ్నానికే మూసేస్తాయి, మళ్లీ సోమవారమే. బండి అక్కడ వదిలి తాళంచెవి వాళ్ల పెట్టెలో వేసి రావచ్చు గానీ, వాళ్లు తెరిచి బండి చూసేదాకా గీతలకూ సొట్టలకూ బాధ్యత మీదే. ప్యారిస్‌లోనే తీసుకుంటే ఏ10 హైవే టోలు, ఆదివారం సాయంత్రం తిరుగు ట్రాఫిక్.

నా లెక్క ఇది. శనివారం పొద్దున ప్యారిస్ ఆస్టెర్లిట్జ్ స్టేషన్ నుంచి బ్లువాకి నేరు రైలు. బ్లువాలోనే సైకిళ్లు అద్దెకు తీసుకోండి. ప్యారిస్ నుంచి తేకండి, వేసవి రైళ్లలో సైకిల్ చోటు త్వరగా నిండిపోతుంది. షాంబోర్‌కి దారి దాదాపు చదును, తొక్కితే గంటంబావు. సాయంత్రం సైకిళ్లు అప్పజెప్పి తూర్‌కి రైలు, అక్కడే రాత్రి బస. ఆదివారం తూర్ నుంచి షెనోన్సోకి అరగంట, స్టేషన్ కోట గేటు పక్కనే. వెతికేటప్పుడు ఒకటి గమనించండి: ఊరి పేరు, స్టేషన్ పేరు చివర 'ఎక్స్' అక్షరం ఉంటుంది, కోట పేరుకు ఉండదు. విలాంద్రీ వదిలేయండి. మూడు కోటలు కుక్కితే పల్లె కనబడదు.

గోదారొడ్డు:
విలాంద్రీ వదలడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. తూర్ నుంచి షేర్ నది ఒడ్డున సైకిల్ దారి 20 కిలోమీటర్ల లోపే, ఎక్కడా ఎత్తు లేదు. ఆ కోట తోటలోని కూరగాయల మళ్లు జులైలోనే చూడాలి. విలాంద్రీ నుంచి అజే-ల-రిదో కోటకి ఇంకో పది, పన్నెండు కిలోమీటర్లు, ఒక గట్టు ఎక్కాలి. అక్కణ్ణుంచి తూర్‌కి రైలుంది. కానీ ఆ లైన్లో కొన్ని సర్వీసులకు రైలు బదులు బస్సు వేస్తారు, బస్సులో సైకిల్ ఎక్కనివ్వకపోవచ్చు. టైంటేబుల్లో బస్సు బొమ్మ ఉందేమో చూసుకోండి.

టికెట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. షాంబోర్, అజే-ల-రిదో ప్రభుత్వానివి. ఫ్రాన్స్‌లో సక్రమ నివాసం ఉన్న 18–25 ఏళ్లవాళ్లకు ప్రవేశం ఉచితం. విద్యార్థి గుర్తింపు కార్డు చాలదు, నివాస కార్డు గానీ, దీర్ఘకాల వీసా ఉన్న పాస్‌పోర్టూ దాన్ని ఆన్‌లైన్లో ధ్రువీకరించిన పత్రమూ గానీ చూపాలి. షెనోన్సో, విలాంద్రీ ప్రైవేటువి, డబ్బు కట్టాల్సిందే. విద్యార్థి తగ్గింపు మాత్రం అడగండి.

శాకాహారికి: అక్కడి పేరున్న మేకపాల చీజ్, మధ్యలో గడ్డిపుల్ల గుచ్చి ఉండే సాంత్-మోర్. కానీ ఇలాంటి సంప్రదాయ చీజ్‌లలో పాలు విరిచేది మామూలుగా దూడ పొట్టనుంచి తీసిన ఎంజైముతో. పట్టింపు ఉంటే ముందే తెలుసుకోవాలి. భోజనం 12 నుంచి రెండులోపే. రెండు దాటితే పల్లె హోటల్లో వంటగది కట్టేస్తారు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత కొట్లు కూడా ఉండవు. పులిహోర కట్టుకెళ్లండి, నూనె, చింతపండు బాగా పడితే పూటకి నిలుస్తుంది. పెరుగన్నం వద్దు, ఆ ఎండకి పులిసిపోతుంది.

ఇంకోటి, ఇది పట్టుబట్టి చెబుతున్నా. ల్వార్ ఇసుక మేటలు మన గోదావరి లంకల్లా కనబడతాయి, నీళ్లు మోకాలి లోతే అనిపిస్తాయి. దిగొద్దు. అడుగున ఇసుక జారి ఒక్కసారిగా గుంట పడుతుంది, లోపల సుడి ఉంటుంది. ఈత నిషేధించింది అందుకే. లంకల మీద పక్షులు గూళ్లు పెట్టే కాలం కూడా అదే, వేసవి నడిమి దాకా అడుగు పెట్టనివ్వరు.

స్టీరింగ్:
ఏజెన్సీ వేళల విషయంలో రైలుబండి గారితో ఏకీభవిస్తా. దానికి మందు: ప్యారిస్‌లో కాకుండా తూర్ పక్కనున్న సాన్-పియేర్-దె-కోర్‌లో తీసుకోండి. ప్యారిస్ మోన్‌పర్నాస్ స్టేషన్ నుంచి టీజీవీ అనే వేగపు రైల్లో గంట పైచిలుకు. బుక్ చేసేముందు ఆదివారం ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో చూసి, విమానాశ్రయం, పెద్ద స్టేషన్ శాఖలే ఎంచుకోండి. బండి తీసుకునేముందు నాలుగు వైపులా, చక్రాలకూ, అద్దాలకూ వీడియో తీయండి.

పల్లె దారుల్లో మనవాళ్లు తప్పు చేసేది కుడి ప్రాధాన్యం దగ్గర. గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు సందులోంచి వచ్చే బండికే ముందు దారి, అది ఎంత చిన్న సందైనా సరే. పసుపు వజ్రాకార బోర్డు కనబడితే దారి మీది. ఊరి పేరు బోర్డు దాటగానే 50, బయట మామూలుగా 80. సూపర్‌మార్కెట్ పెట్రోలు పంపులు ఆదివారం కార్డు మెషిన్ మీదే నడుస్తాయి, ఇండియా కార్డు తిరస్కరిస్తే ఇరుక్కుంటారు. శనివారమే నింపుకోండి.

రైలుబండి:
ఇన్ని జాగ్రత్తలు కావాలంటే రెండు రోజులకి కారు ఎందుకన్నా? వూవ్రే ద్రాక్షసారా గుహల దగ్గర నడిపేవాళ్లు చేతులు కట్టుకు కూచోవాలి. లీటరు రక్తానికి పరిమితి 0.5 గ్రాములు, కొత్త లైసెన్సు వాళ్లకి 0.2, అంటే ఒక్క గ్లాసుకూ చోటు లేదు. సైకిల్‌కీ చట్టం ఉందని తెలుసు, తాగి తొక్కినా నేరమే. కానీ రైలు దిగి నడిచొచ్చే మనిషికి ఆ బెడద లేదు.

తూర్పుగాలి:
అందరికీ దండాలు. క్రెడిట్ కార్డు మాలో ఎవరికీ లేదు, కాబట్టి కారు అక్కడితో ఆగిపోయింది. శనివారం బ్లువా నుంచి షాంబోర్, ఆదివారం పొద్దున విలాంద్రీ, సాయంత్రం షెనోన్సో కుదురుతాయా?

రైలుబండి:
కుదరదు. విలాంద్రీ పోయి రావడమే దాదాపు 40 కిలోమీటర్లు, తోటలో రెండు గంటలు. ఆ తర్వాత షెనోన్సో రైలు అందినా కోట మూసే వేళ అవుతుంది. రెండిట్లో ఒకటే. ఏదైనా ముందు ఆదివారం సాయంత్రం ప్యారిస్ టికెట్లు కొనుక్కోండి. రైల్వేవాళ్ల 49 యూరోల యువ కార్డు ఉంటే టీజీవీలో 30 శాతం తగ్గుతుంది.

గోదారొడ్డు:
అయితే విలాంద్రీయే. షెనోన్సోకి శీతాకాలంలో పోయినా చూడటానికి కోట ఉంటుంది. ఆ మళ్లు మాత్రం జనవరిలో ఇలా ఉండవు.